పట్టేసిన డ్రమ్ము, తొందరపడే సుత్తి

ఆషాఢంలో ఒక శనివారం పొద్దున హైదరాబాద్ మదీనాగూడలో ఓ అపార్ట్‌మెంట్ సెల్లారు నుంచి ఫోనొచ్చింది. "అన్నా, మా నాన్న అంబాసిడర్ కదలట్లేదు. ఇంజిన్ స్టార్టయింది, గేరు పడుతోంది, క్లచ్ వదిలితే మాత్రం వెనక భాగం కుంగి ఆగిపోతోంది." మాట్లాడిన కుర్రాడు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తాడు. బండి 1972 మోడలు, ఏడాదిన్నరగా కవరు కింద ఉంది. పెట్టిన రోజు బండి దొర్లిపోతుందేమోనన్న భయంతో హ్యాండ్ బ్రేకు ఆఖరి పన్ను దాకా లాగి తాళం వేసుకుని వెళ్లిపోయారు. పక్కనే గోడ, గోడ మీద చెమ్మ, రెండు వానాకాలాలు. ఇంకేం కావాలి?

నేను వెళ్లేసరికి వాచ్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి బండిని తోసి చూశారు. నేల మీద ఎడమ వెనక టైరు గీసిన నల్లటి చార ఉంది. కుడిది తిరిగింది, ఎడమది తిరగలేదు. నాతో వచ్చిన కుర్రాడు డిక్కీలోంచి పెద్ద సుత్తి తీసి, "ఉస్తాద్, నాలుగు దెబ్బలేస్తే అదే ఊడొస్తది" అన్నాడు.

వాడి వయసులో నేనూ అదే మాట అన్నాను. అప్పుడు నేను పనిచేసిన షెడ్డులో ఒక పాత ఫియట్ బ్రేకు డ్రమ్మును అంచు మీద కొట్టాను. డ్రమ్ము పోత ఇనుము. పోత ఇనుము వంగదు, పగులుతుంది. అంచున అరచేయంత ముక్క ఊడి నా చెప్పు మీద పడింది. ఇంకో డ్రమ్ము దొరికేదాకా పదిహేను రోజులు ఆ బండి స్టాండు మీదే నిలబడింది, ఆ నెల జీతంలో సగం దానికే పోయింది. అందుకే ఈ నాలుగు మాటలు. పాత బండి బ్రేకు పని పట్టాలనుకునే కుర్రాళ్లకూ, మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా హైవే పక్క గల్లీల్లో చిన్న షెడ్లు నడుపుకునే నాలాంటి వాళ్లకూ.

మొదట ఒక సందేహం తీర్చాలి. అందరూ స్కానర్లు పెట్టి బండి చూసే ఈ రోజుల్లో డ్రమ్ము పని నేర్చుకుని ఏం లాభం? ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మేలోనే ఆగిపోయింది. నిజమే. అయితే రోడ్డు మీదికి వచ్చి చూడండి. ఆల్టో, వ్యాగనార్ వెనక చక్రాలకు ఉన్నవి డ్రమ్ములే. మూడు చక్రాల ఆటోకు డ్రమ్ములే. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు ఐడీ 4 అనే కరెంటు కారుకు కూడా వెనక డ్రమ్ములే పెట్టారు. డ్రమ్ము బ్రేకుకు లూయీ రెనో 1902లో వేసిన దారి ఇంకా మూతపడలేదు. పాత బండి మీద చెయ్యి తిరిగినవాడికి కొత్త బండి డ్రమ్ము ఆటవస్తువు. కొత్త బండి మీదే నేర్చుకున్నవాడు పాత బండి దగ్గర తడబడతాడు. ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు రెండేళ్ల కోర్సు, అందులో బ్రేకుల పాఠం ఉంటుంది. పట్టేసిన బ్రేకు విప్పడం మాత్రం షెడ్డులోనే వస్తుంది.

ఇంకో సంగతి. హైటెక్ సిటీ చుట్టుపక్కల తాతదో తండ్రిదో బండిని అమ్మడానికి మనసొప్పని వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు డబ్బు కంటే టైమే కరువు. బండి బాగు చేసి, ఏం చేశావో అర్థమయ్యేట్టు చెప్పే మనిషి దొరికితే ఇంకో చోటికి పోరు.

ఇక సెల్లారుకు వద్దాం. నేను సుత్తి పక్కన పెట్టించి కుర్రాడిని ఒకటే ప్రశ్న అడిగాను. "ఏది పట్టుకుంది?" వాడు డ్రమ్ము వైపు చూపించాడు. అది పట్టుకున్న చోటు, కారణం కాదు. డ్రమ్ము బ్రేకు నాలుగు రకాలుగా పట్టేస్తుంది, నాలుగింటికీ మందులు వేరు. లోపలి షూల మీద ఉండే లైనింగు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుపోవచ్చు. హ్యాండ్ బ్రేకు కేబులు లోపల తుప్పు పట్టి, లివరు దించినా షూ వెనక్కి రాకపోవచ్చు. వీల్ సిలిండర్‌లో పిస్టను బిగుసుకుపోవచ్చు. లేదా బ్రేకు ఆయిలే వెనక్కి పోయే దారి లేక లైనులో ఒత్తిడి నిలిచిపోవచ్చు. ఏది అన్నది తేల్చుకోకుండా పానా పట్టుకోవద్దు.

తేల్చడానికి చాలావరకు ఒక చిన్న పని చాలు. చక్రం లేపి, స్టాండు మీద నిలిపి, ఆ చక్రం వెనక ఉన్న బ్లీడ్ నిపిల్‌ను అర చుట్టు వదులు చెయ్యాలి. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగిందా, జబ్బు లైనులో ఉంది. తిరగలేదా, జబ్బు డ్రమ్ము లోపలో కేబులులోనో ఉంది. లైనులో అయితే ఇంకో మెట్టు ఎక్కాలి. మళ్లీ పెడల్ తొక్కి పట్టేయనిచ్చి, ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు వదులు చేసి చూడాలి. అక్కడ వదిలితే చక్రం వదిలిందంటే తప్పు మాస్టర్ సిలిండర్‌ది: పెడల్‌కు ఫ్రీ ప్లే లేదో, ఆయిల్ వెనక్కి పోయే చిన్న రంధ్రం మడ్డితో పూడిపోయిందో. అక్కడ వదిలినా చక్రం వదలక నిపిల్ దగ్గరే వదిలితే, మధ్యలో రబ్బరు హోసు లోపల ఉబ్బింది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల మాత్రం తొక్కినప్పుడు ఆయిల్‌ను పోనిస్తుంది, వదిలినప్పుడు రానివ్వదు. ఇది తెలియక షూలు, స్ప్రింగులు, సిలిండర్ అన్నీ మార్చి, చివరకు హోసు మార్చినవాళ్లను చూశాను. బిల్లు మాత్రం అన్నిటికీ వేశారు.

ఆ అంబాసిడర్ నిపిల్ వదిలితే రెండు చుక్కలు కారాయి. చక్రం కదల్లేదు. తుప్పో పిస్టనో కేబులో అన్నమాట. కేబులును లివరు దగ్గర విప్పేశాం. అయినా కదల్లేదు.

ఇలాంటప్పుడు చాలామంది బండిని మొదటి గేరులో, రివర్సులో మార్చి మార్చి మెల్లగా ఊపుతారు. తప్పు లేదు, ఒక్కోసారి టక్కుమని వదిలేస్తుంది. అక్కడే పెద్ద తప్పు మొదలవుతుంది. వదిలింది కదా అని ఓనరు బండిని రోడ్డెక్కిస్తాడు. వదిలింది షూ డ్రమ్ము నుంచో, లైనింగు షూ నుంచో బయటి నుంచి ఎవరికీ తెలియదు. జిగురుతో అంటించిన లైనింగు అయితే షూను వదిలి డ్రమ్మునే పట్టుకుని ఉండిపోగలదు. తర్వాత ఏ ఆల్విన్ క్రాస్ రోడ్స్ దగ్గరో అది ముక్కలై ఇరుక్కుంటుంది. వదిలినా సరే, డ్రమ్ము విప్పి చూడాల్సిందే.

విప్పడంలో కిటుకంతా ఒక్కచోటే ఉంది. లైనింగు ఏళ్లతరబడి రాసుకున్న చోట డ్రమ్ము లోపల అరిగి గాడి పడుతుంది. అరగని అంచు చిన్న గట్టులా మిగులుతుంది. షూలు ఆ గాడిలో విచ్చుకుని కూర్చుంటాయి. ఇప్పుడు డ్రమ్మును బయటికి లాగితే గట్టు వచ్చి షూకు తట్టుకుంటుంది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. కాబట్టి అడ్జస్టరును వెనక్కి తిప్పి షూలను దగ్గరికి ముడవాలి, ఆ తర్వాతే లాగాలి.

అడ్జస్టరు ఒక్కో బండికి ఒక్కో తీరు. కొన్నిటికి డ్రమ్ము ముఖం మీది రంధ్రంలోంచి స్క్రూడ్రైవరుతో తిప్పాలి. కొన్నిటికి బ్యాక్ ప్లేటు వెనక చదరపు తల ఉంటుంది, కొన్నిటికి ఆరు మూలల నట్టు, ఇంకొన్నిటికి లోపల పళ్ల చక్రం. ఎటు తిప్పితే వదులవుతుందో పుస్తకం చూడండి, పుస్తకం లేకపోతే పట్టేయని వైపు చక్రం మీద తిప్పి చూడండి. చదరపు తలకు చదరపు బ్రేకు పానాయే వాడాలి. మామూలు పానాతో మూలలు అరిగితే ఆ తర్వాత దేవుడే దిక్కు. అంబాసిడర్‌ది అంగుళాల లెక్క, ప్రీమియర్ పద్మినిది మిల్లీమీటర్ల లెక్క. అర అంగుళం నట్టుకు 13 పానా పడుతుంది. పడుతుంది కదా అని బలం పెడితే జారి మీ వేలిగణుపులు చాసిస్‌కు తగులుతాయి. నా కుడిచేతి మచ్చలు రెండు ఆ తేడా వల్ల వచ్చినవే.

తుప్పు వదిలించే స్ప్రే అడ్జస్టరు మీద, హబ్బు చుట్టూ, స్టడ్డుల మొదట్లో కొట్టి, టీ తాగి రండి. వీలైతే రాత్రంతా వదిలేయండి. మేం ఆదివారం మధ్యాహ్నం దాకా వదిలేశాం. స్ప్రే చేసేది ఒక నిమిషం, ఆగేది ఇరవై గంటలు. ఆ ఇరవై గంటలు ఆగగలగడమే ఈ పనిలో సగం ఉద్యోగం. ఈలోపు గ్యాసు మంట తెచ్చి కాల్చే ఆలోచన వద్దు. లోపల రబ్బరు కప్పులు, అంటుకునే బ్రేకు ఆయిల్, లైనింగు ఉన్నాయి.

అడ్జస్టరు కదిలాక డ్రమ్మును పట్టి ఉంచే చిన్న స్క్రూలు తీసి, ముఖం మీద స్టడ్డుల మధ్య తట్టాలి. అంచు మీద వద్దు. కర్రసుత్తితోనో, చెక్కముక్క అడ్డం పెట్టి మామూలు సుత్తితోనో చుట్టూ తిరుగుతూ తట్టాలి. డ్రమ్ము ముఖానికి మరలు కోసిన రెండు రంధ్రాలు ఉంటే అవి అందుకోసం పెట్టినవే. వాటిలో బోల్టులు బిగించి, అటోసారి ఇటోసారి కొద్దికొద్దిగా తిప్పితే డ్రమ్ము తనంతట తానే బయటికి జరుగుతుంది. అప్పటికీ రాకపోతే, షూలను బ్యాక్ ప్లేటుకు పట్టి ఉంచే పిన్నులు ఉన్న బండ్లలో వెనక నుంచి ఆ పిన్నుల తలలు కోసేస్తే షూలతో సహా డ్రమ్ము ఊడుతుంది. పిన్నులు దొరుకుతాయి, డ్రమ్ము దొరకదు.

మాది పదకొండో తట్టుకు వచ్చింది. లెక్కపెట్టింది కుర్రాడు. లోపల లైనింగు ఆకారం డ్రమ్ము మీద ముదురు గోధుమ రంగులో అచ్చు పడి ఉంది. రెండు రివెట్ల దగ్గర లైనింగు చిట్లింది.

డ్రమ్ము చేతికి రాగానే మొదట దాన్ని ఓ కడ్డీకి వేలాడదీసి చిన్న పానాతో తట్టండి. సంతలో కుండ మోగించి చూసినట్టే. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే ఎక్కడో చిట్లింది, అది మళ్లీ బండి ఎక్కకూడదు. గాడి లోతుగా ఉంటే లేత్ మీద కోయించాలి, ఒక ఇరుసుకు రెండు డ్రమ్ములూ ఒకే కొలతకు. డ్రమ్ము మీదో పుస్తకంలోనో గరిష్ఠ కొలత ఉంటుంది, అది దాటితే చెత్తకే. లైనింగు మీద ఆయిల్ మరక ఉంటే పెట్రోలుతో కడిగి కాల్చే అలవాటు మానండి. అది లోపలికి ఇంకిపోయి ఉంటుంది, మార్చాల్సిందే, రెండు వైపులా. ఒక వైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. వీల్ సిలిండర్ రబ్బరు కప్పులను పెట్రోలు, కిరోసిన్‌లతో కడగకూడదు, ఉబ్బుతాయి. బ్రేకు ఆయిల్‌తోనో స్పిరిట్‌తోనో తుడవండి. బ్యాక్ ప్లేటు మీద షూ రాసుకునే చోట్ల పెసరగింజంత వేడి తట్టుకునే గ్రీజు పెట్టండి. పెసరగింజ అంటే పెసరగింజే, పెసరట్టు కాదు.

సామాను కోసం రాణిగంజ్‌కో పుత్లీబౌలికో పోవాలి. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి పుత్లీబౌలి నడిచిపోవచ్చు. బండి పేరు చెప్పి అడగొద్దు. పాత సిలిండర్, పాత షూ సంచిలో వేసుకుని వెళ్లి కౌంటర్ మీద పెట్టండి. ఒకే బండికి ఏళ్ల తేడాలో సిలిండర్ల లోపలి కొలతలు మారాయి, పైకి చూస్తే అన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. బ్రేకు ఆయిల్ సీలున్న డబ్బానే కొనండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. నిపిల్‌లోంచి తీసిన ఆయిల్‌ను మళ్లీ పోసేవాళ్లు ఆ అంకె గోడ మీద రాసుకోవాలి. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్లు పోయండి, తుడుస్తూ కూర్చుంటే పెయింటు లేచిపోతుంది.

ఇక అడ్జస్ట్‌మెంటు. ఇక్కడ వరస ముఖ్యం. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించి, కేబులు వదులుగా ఉంచి, ముందు షూలు సరిచేయాలి. అడ్జస్టరును చక్రం పట్టేసేదాకా బిగించండి. పెడల్‌ను గట్టిగా ఒకటి రెండు సార్లు తొక్కించండి, షూలు మధ్యలోకి సర్దుకుంటాయి. తొక్కాక చక్రం మళ్లీ వదులైతే ఇంకాస్త బిగించండి. ఆ తర్వాత చక్రం చేత్తో తిరిగేదాకా కొంచెం కొంచెంగా వెనక్కి వదలండి. ఎక్కడో ఒకచోట సన్నగా సర్రుమంటే ఫర్వాలేదు, చుట్టంతా రాస్తే మాత్రం ఇంకా వదలాలి. వెనక చక్రాన్ని తిప్పేటప్పుడు యాక్సిల్, డిఫరెన్షియల్ బరువు కూడా చేతికి తగులుతుంది, దాన్ని బ్రేకు రాపిడి అనుకోవద్దు. నాలుగు చక్రాలూ అయ్యాకే హ్యాండ్ బ్రేకు కేబులు వంతు. షూలు అరిగితే కేబులు బిగించి సరిపెట్టడం మన షెడ్లలో పాత రోగం. లివరు బాగానే పడుతుంది, షూలు మాత్రం లోపల రోజంతా సగం విచ్చుకుని డ్రమ్మును రాస్తూ ఉంటాయి. వేడెక్కి మళ్లీ పట్టేస్తాయి, మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. ఈసారి డబ్బు ఇవ్వడానికి కాదు.

మొదటి టెస్టు సెల్లారులోనో ఖాళీ గల్లీలోనో నడక వేగంతో చేయండి. హైవే మీద కాదు. నాలుగైదు కిలోమీటర్లు తిప్పి వచ్చి ప్రతి చక్రం మధ్యలో చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మిగతావాటి కంటే కాలుతుంటే అది ఇంకా రాస్తోంది.

బిల్లు విషయంలో మొహమాటం వద్దు. పట్టేసిన బ్రేకుకు ఫోన్‌లోనే రేటు చెప్పినవాడు తనను తానే మోసం చేసుకుంటాడు. రెండు మెట్లుగా చెప్పండి: విప్పి చూడడానికి ఇంత, చూశాక ఏం కావాలో ఫొటోలతో వాట్సాప్‌లో పంపి, ఓనరు సరే అన్నాక పనికి ఇంత. డ్రమ్ము ముందే చిట్లి ఉండొచ్చన్న మాట విప్పకముందే రాసి పంపండి. పగిలాక చెబితే అది సాకులా వినిపిస్తుంది.

ఫోన్ చేసిన ఆ ఓనరు కుర్రాడు ఇంకోటి అడిగాడు. "అన్నా, వింటేజ్ నంబరు తీసుకుంటే రోజూ ఆఫీసుకు వేసుకెళ్లొచ్చా?" వెళ్లకూడదు. కేంద్రం 2021 జూలైలో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేని సొంత బండికి 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, రిపేరుకు, పరిశోధనకు మాత్రమే రోడ్డెక్కించాలి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్ రాయిస్ చూసి వచ్చినవాళ్లు కొందరు తమ బండీ అలా మెరవాలంటారు. 1912 నాటి ఆ బండికి ముందు చక్రాలకు బ్రేకులే లేవు. మీ బండికి నాలుగూ ఉన్నాయి, ముందు అవి పట్టనీ, వదలనీ అని చెబుతాను. బండి అప్పగించేటప్పుడు ఓనరుకు రెండు చెక్కముక్కలు కూడా ఇస్తాను. ఎక్కువ రోజులు నిలిపితే హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో పెట్టి, చక్రాల కింద అవి తోయమని.

ఒక్కటి మిగిలింది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ ఆదివారం డ్రమ్ము ఊడగానే నాతో వచ్చిన కుర్రాడు కంప్రెసర్ పైపు తెచ్చాడు. ఊదేస్తే శుభ్రమైపోతుందని. పైపు లాక్కున్నాను. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, మన దేశంలో దాని వాడకం మీద ఇప్పటికీ పూర్తి నిషేధం లేదు. ఏ లైనింగులో ఉందో కంటితో చూసి చెప్పలేం. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు రేపు బయటపడదు, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి ఏ షెడ్డులో పీల్చామో కూడా గుర్తుండదు. కాబట్టి ప్రతి డ్రమ్ములోనూ అది ఉందనే అనుకోండి. పీ 100 ఫిల్టరున్న మాస్కు పెట్టుకుని (ఎన్ 95 దీనికి చాలదు), సబ్బు నీళ్లు స్ప్రే చేసి దుమ్ము తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పడేయండి. లైనింగును పొడిగా గరుకు కాగితంతో రుద్దొద్దు. పనిబట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. మీ షెడ్డులో ఇంకా గాలి పెట్టి డ్రమ్ములు ఊదుతుంటే, ఇవాళే ఆపించండి.